ఒక్క దారపు బట్ట



ఎండలు ముదురుతున్న వేళ అల్లిక గురించి ప్రసంగం ఏమిటని మీరు అనుకోవచ్చు. అల్లిక అనగానే మన కళ్ళ ముందు మెదిలేది ఉన్ని స్వెట్టరు, ధనుర్మాసపు చలి, తెల్లవారుజామున పాలకేంద్రం దగ్గర మఫ్లరు చుట్టుకుని నిలబడ్డ ముసలివాళ్ళు. నేను ఇవాళ చెప్పబోయేది ఎండాకాలపు అల్లిక సంగతి. నూలుదారంతో, పొట్టి చేతులతో, గాలి ఆడేటట్టు వదులుగా అల్లుకునే పలచని జంపరు సంగతి. దాని వెనక చాలా పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్ర కొస మన సరిహద్దు జిల్లాల పిల్లల చేతుల్లో ఉంది.

జంపరు అనే మాటకు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వేరే అర్థం చెబుతారు. మా అవ్వ రవికెను జంపరు అనేది. కన్నడం మాట్లాడే ఇళ్ళల్లోనూ ఆ మాట ఉంది. ఇంగ్లీషువాళ్ళకు జంపరంటే తలమీదుగా తొడుక్కునే అల్లిక చొక్కా. మాట ఓడెక్కి వచ్చి మన అవ్వల రవికె అయి కూర్చుంది.

మాది కృష్ణగిరి జిల్లా. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బడిలో రెండూ నేర్పుతాను, వారానికి ఒక పిరియడు చేతిపనులు కూడా చూస్తాను. ఒకసారి క్లాసులో ఒక పిల్ల లేచి, "టీచరమ్మా, మన ఊళ్ళో స్వెట్టరు వేసుకునే చలి ఏడాదికి నెల రోజులు కూడా ఉండదు గదా, ఇది నేర్చుకుని ఏం చేసేది?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. "మీ నాయన వేసుకునే బనియను ఏ పనితో తయారవుతుందో చెప్పు" అన్నాను. నేత అని కొందరు, కుట్టు అని కొందరు అన్నారు. అల్లిక అని ఒక్కరూ అనలేదు.

మీ ఇంట్లో పాత బనియను ఒకటి ఉంటే దాన్ని వెలుతురుకు పట్టి చూడండి. మంచి కళ్ళుంటే చాలు, భూతద్దం ఉంటే మరీ మంచిది. వరి వెన్నులో గింజల్లాగా ఒకదానిమీద ఒకటి ఎక్కిన చిన్న చిన్న ఉచ్చులు కనిపిస్తాయి. పక్కన ఒక పంచె పెట్టుకుని చూడండి. పంచెలో నిలువుగా పడుగు, అడ్డంగా పేక, రెండు వరసల దారాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. మన మగ్గాల బట్టంతా ఇదే పద్ధతి. అల్లికలో పడుగూ లేదు, పేకా లేదు. ఉన్నది ఒకటే దారం. ఆ దారాన్ని ఉచ్చుగా తీసి, ఆ ఉచ్చులోంచి మరో ఉచ్చును లాగి, అలా వరస మీద వరస పెంచుకుంటూ పోవడమే. అందుకే లాగితే సాగుతుంది, వదిలితే తిరిగి దగ్గరకు వస్తుంది. ఉచ్చుల మధ్య సందుల్లో గాలి ఆడుతుంది. నూలు చెమటను పీల్చుకుంటుంది. మన ఎండకు ఇంతకన్న ఏం కావాలి?

అయితే ఒక చిక్కు ఉంది. నేసిన బట్టను కత్తిరిస్తే అంచున నాలుగు పోగులు ఊడతాయి, అంతే. అల్లిన బట్టను కత్తిరిస్తే ఉచ్చు తెగి, దాని కింది ఉచ్చు జారి, దాని కిందిది జారి, నిచ్చెన మెట్లు ఊడినట్టు పై నుంచి కిందిదాకా జారిపోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మనం చెప్పుకోబోయే కథలో సగం ఇక్కడే ఉంది.

ఇప్పుడు పాత కాలానికి వెళ్దాం. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఎర్ర ఉన్ని మేజోళ్ళ జత ఒకటుంది. ఈజిప్టులో దొరికింది, పదహారు వందల ఏళ్ళ పైబడినది. చెప్పు తొడుక్కోవడానికి వీలుగా బొటనవేలికి వేరే అర పెట్టి చేశారు. చూడటానికి అల్లికలాగే ఉంటుంది గానీ కాదు. ఒకే సూదితో, దారాన్ని ముక్కలు ముక్కలుగా తీసుకుని చేసిన పని అది. రెండు సూదుల మీద నిజమైన అల్లికగా పండితులు ఒప్పుకునే తొలి నమూనాలు కూడా ఈజిప్టువే. అవి సుమారు 11వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం మధ్య కాలానివి. పాత కైరో ప్రాంతమైన ఫుస్తాత్ వంటి చోట్ల దొరికాయి. వాటిలో పేరుపడ్డవి ఉన్నివి కావు, నూలువి. తెల్ల నూలు, నీలిమందు అద్దకం వేసిన నూలు కలిపి, బొమ్మలు తేల్చిన మేజోళ్ళు. కాబట్టి అల్లిక చలిదేశంలో, ఉన్నితో పుట్టి, మనకు పనికిరాని విద్యగా వచ్చిందనుకోవడం పొరపాటు. మనకు కనిపించే తొలి అల్లికల్లోనే ఎండదేశపు నూలుపని ఉంది.

అక్కడి నుంచి ఈ పని స్పెయిన్ మీదుగా ఐరోపాకు వ్యాపించిందని చెబుతారు. 1275లో చనిపోయిన ఒక స్పెయిన్ రాకుమారుడి సమాధిలో పట్టుతో అల్లిన దిండు గలీబు దొరికింది. చలిదేశాల్లో అది ఉన్నిపని అయింది. ఇంగ్లండులో 1571లో ఒక చట్టం చేశారు. ఆరేళ్ళు దాటినవాళ్ళందరూ, పెద్దింటివాళ్ళు తప్ప, ఆదివారాలూ పండగ రోజులూ దేశంలో అల్లిన ఉన్ని టోపీ పెట్టుకోవాలని. అల్లికపనివాళ్ళ పొట్ట నిండటానికి చేసిన చట్టం. 1597లో దాన్ని తీసేశారు. జెర్సీ అనే చిన్న దీవిలోనైతే ఆడా మగా అందరూ మేజోళ్ళు అల్లుతూ కూర్చుని పంట కోతలకు మనుషులు దొరకలేదట. 17వ శతాబ్దం తొలినాళ్ళలో కోతల కాలంలో అల్లిక మానాలని అక్కడ శాసనం చేయవలసి వచ్చింది. ఈనాడు మన పిల్లలు ఆటలకు వేసుకునే "జెర్సీ"కి ఆ దీవి పేరే.

1589లో విలియం లీ అనే చర్చి ఉద్యోగి, నాటింగ్‌హామ్ దగ్గర కాల్వర్టన్ గ్రామంలో, మేజోళ్ళు అల్లే యంత్రం తయారుచేశాడు. ఒక వరసలోని ఉచ్చులన్నీ ఒక్కసారే పడతాయి. దానిమీద హక్కుపత్రం ఇవ్వమని ఎలిజబెత్ రాణిని అడిగితే ఆమె ఇవ్వలేదు. ఆయన ఫ్రాన్సుకు వెళ్ళాడు. అక్కడ ఆదరించిన రాజు 1610లో హత్యకు గురయ్యాడు. లీ కూడా కొన్నేళ్ళకే పోయాడు. ఆయన ప్రేమించిన అమ్మాయి ఎప్పుడు చూసినా అల్లుకుంటూ ఉండేదనీ, తనతో మాట్లాడటం లేదన్న కోపంతో యంత్రం కనిపెట్టాడనీ ఒక కథ చెబుతారు. కథ బాగుంది గానీ, కథ మాత్రమే.

ఇక మనకు సంబంధించిన ఘట్టం. ఆ యంత్రాల మీద ఉన్ని, పట్టు అల్లేవారు. నూలు అల్లాలంటే సన్నగా, గట్టిగా వడికిన దారం కావాలి. అప్పటి ఇంగ్లండు రాట్నాల మీద అంత మంచి పత్తిదారం రాలేదు. విలియం ఫెల్కిన్ అనే ఆయన 1867లో ఆ పరిశ్రమ చరిత్ర అచ్చువేశాడు. నాటింగ్‌హామ్‌లో యంత్రం మీద మొదటి నూలు మేజోళ్ళ జత 1730లో తయారైందనీ, దానికి వాడిన నూలు భారతదేశంలో వడికినదనీ అందులో ఉంది. శ్రోతలారా, ఈ ఒక్క ముక్క మీద నేను చాలాసేపు ఆగిపోయాను. మన దేశంలో ఏదో ఒక పల్లెలో, ఏదో ఒక అరుగు మీద కూర్చుని ఒక ఆడమనిషి రాట్నం తిప్పింది. ఆ నూలు ఆరు నెలలు సముద్రం మీద ప్రయాణం చేసి నాటింగ్‌హామ్‌లో మేజోడు అయింది. ఆమెకు రెండు సూదుల అల్లిక అంటే తెలిసి ఉండదు. అల్లినవాడికి ఆమె తెలియదు.

ఆ కొరత తీరడానికి ఎక్కువకాలం పట్టలేదు. 1768లో రిచర్డ్ ఆర్క్‌రైట్ తన వడుకు యంత్రంతో నాటింగ్‌హామ్ చేరాడు. ఆయనకు డబ్బు పెట్టినవాళ్ళు మేజోళ్ళ వ్యాపారులే, శామ్యూల్ నీడ్, జెడెడయా స్ట్రట్. 1771లో క్రామ్‌ఫర్డ్‌లో నీటిశక్తితో నడిచే మిల్లు మొదలైంది. మొదట్లో ఆ దారం ఎక్కువగా మేజోళ్ళకే పోయింది. తరవాతి కథ మీకు తెలుసు. మిల్లు నూలు మన ఊళ్ళకే వచ్చి మన రాట్నాలను అటక ఎక్కించింది.

యంత్రం వచ్చినా బట్టను ఆకారానికి తగ్గట్టు ఉచ్చులు పెంచుతూ, తగ్గిస్తూనే అల్లేవారు. పిక్క దగ్గర వెడల్పు, చీలమండ దగ్గర సన్నం. అంచు అల్లికలోనే వచ్చేది కాబట్టి జారేది కాదు. తరవాత కొందరు వ్యాపారులు వెడల్పు బట్ట అల్లించి, కత్తెరతో మేజోళ్ళ ఆకారానికి కోసి, అంచులు కుట్టి అమ్మడం మొదలుపెట్టారు. చవక సరుకు. కుట్టు కాస్త వదులైతే ఉచ్చులు జారిపోయేవి. పేరు పోయింది, కూలి పడిపోయింది. 1811లో నాటింగ్‌హామ్ ప్రాంతపు పనివాళ్ళు రాత్రిళ్ళు గుంపులుగా వెళ్ళి యంత్రాలు పగలగొట్టడానికి ఒక పెద్ద కారణం ఈ కత్తిరించిన సరుకే. లడ్డైట్లు అంటే యంత్రమంటే గిట్టని మూర్ఖులని మన పాఠ్యపుస్తకాలు రెండు వాక్యాల్లో తేల్చేస్తాయి. నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. వాళ్ళు తరతరాలుగా యంత్రం మీదనే బతికినవాళ్ళు. వాళ్ళ తగాదా కత్తెరతోనూ, తగ్గిన కూలితోనూ. 1812లో యంత్రం పగలగొడితే మరణశిక్ష అని చట్టం తెచ్చారు. దాన్ని వ్యతిరేకించి ప్రభువుల సభలో మాట్లాడిన వాళ్ళలో కవి బైరన్ ఒకరు. చట్టం ఆగలేదు.

చివరికి కత్తెరే గెలిచింది. 1881 ప్రాంతంలో అమెరికాలోని కనెటికట్‌లో మెర్రో అనే సంస్థ కోసిన అంచును దారాలతో చుట్టి బిగించే కుట్టు యంత్రం తీసుకొచ్చింది. దాని సంతతే ఇవాళ్టి ఓవర్‌లాక్. మీ బనియను తిరగేసి భుజం దగ్గర చూడండి, గొలుసులాంటి కుట్టు కనిపిస్తుంది. అంతకు ముందే, 1816లో, మార్క్ బ్రూనెల్ గుండ్రంగా తిరుగుతూ గొట్టంలాగా అల్లే యంత్రానికి హక్కు పొందాడు. పాతరకం బనియన్లకు పక్కన కుట్టు ఉండదు, గమనించారా? నడుము కొలతకు సరిపోయే గొట్టాన్ని అల్లి, మెడా చేతులూ కోసి కుట్టడమే. ఇక ఎండాకాలపు నూలు జంపరుకు పేరుపొందిన ముత్తాత ఫ్రెంచి నావికుల చారల చొక్కా. 1858లో దానికి కొలతలు నిర్ణయించారు, 21 తెల్ల చారలుండాలని.

మన దేశంలో నేత వేల ఏళ్ళది. రెండు సూదుల అల్లిక మాత్రం దక్షిణాదిలో మిషనరీ స్త్రీల బడుల ద్వారా ఎక్కువగా వ్యాపించింది. మన నరసాపురం లేసు కూడా వాళ్ళు నేర్పిన పనే, నూలుదారంతో ఒకే కొక్కెం సూది మీద. గోదావరి జిల్లాల స్త్రీలు తరాలుగా ఆ లేసు అల్లి దేశదేశాలకు పంపారు. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వాళ్ళమీద ఒక పుస్తకం రాశారు. రోజంతా అల్లినా అది తీరిక వేళ కాలక్షేపంగానే లెక్కకు వచ్చేదని, అందుకే కూలి అంత తక్కువని ఆమె చూపించారు. 1730లో నూలు వడికినామె నాకు మళ్ళీ గుర్తుకొచ్చింది.

యంత్రపు అల్లిక మన దేశంలో 1893లో కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మొదలైంది. బనియను అన్న పేరు వాణియా అనే గుజరాతీ మాట నుంచి, వ్యాపారి అని అర్థం. మన వ్యాపారులు తొడుక్కునే వదులు దుస్తులను చూసి ఐరోపావాళ్ళు తమ ఇంటి అంగీకి ఆ పేరు పెట్టుకున్నారు. చివరకు అది మన లోచొక్కా మీద నిలిచింది.

1925లో తిరుప్పూరుకు ఈ పని వచ్చింది. తిరుప్పూరే ఎందుకంటే అక్కడ పత్తి ఉంది. కోయంబత్తూరు, విరుదునగరం వైపు నల్లరేగడి నేలల్లో పత్తి పండించిన రైతుల్లో మన తెలుగువాళ్ళు ఎందరో. విజయనగర కాలంలోనూ ఆ తరవాతా దక్షిణానికి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు. ఆ వలస కథనే కి. రాజనారాయణన్ 1976లో "గోపల్ల గ్రామం" అనే నవలగా తమిళంలో రాశారు. ఆయన ఇంటి భాష తెలుగే. కోయంబత్తూరులో 1888 నుంచే మిల్లు ఉండేది. 1930ల తొలిభాగంలో పైకారా జలవిద్యుత్తు వచ్చాక మిల్లులు వరసగా లేచాయి. తిరుప్పూరు ఖద్దరుకు కూడా పెద్ద కేంద్రం. 1932 జనవరిలో జెండా విడవకుండా దెబ్బలు తిని ప్రాణం వదిలిన కుమరన్ ఊరు అదే.

చాలాకాలం తెల్ల బనియన్ల ఊరుగానే ఉంది. 1970ల చివర ఇటలీ వ్యాపారులు టీషర్టుల కోసం వచ్చిన తరవాత దాని రూపమే మారింది. 1984లో కరువుభత్యం కోసం కార్మికులు నాలుగు నెలలకు పైగా సమ్మె చేశారు. ఎగుమతులు ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 30,000 కోట్ల రూపాయలు దాటాయి. మరోవైపు నొయ్యల్ నదిలో అద్దకపు నీళ్ళు కలిసి ఒరత్తుపాళయం ఆనకట్ట కింది రైతుల పొలాలు పాడయ్యాయి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లన్నీ మూయమన్నది. ఆ తరవాతే నీటిని శుద్ధి చేసి మళ్ళీ వాడే పద్ధతి గట్టిపడింది.

అక్కడికి మన పిల్లలు వెళ్తారు. మా బడిలో పదో తరగతి కాగానే రాత్రి బస్సెక్కే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. 2000ల్లో నూలు మిల్లుల్లో మూడేళ్ళు పని చేస్తే పెళ్ళికి ఒక మొత్తం ఇస్తామని సుమంగళి పథకం పేరుతో ఆడపిల్లలను తీసుకుపోవడం మీరు వినే ఉంటారు. చాలా విమర్శ వచ్చింది. ఆ పేరు వినిపించడం తగ్గినా, బస్సు మాత్రం ఆగలేదు. నేను దాన్ని మంచీ చెడూ అని ఒక్క మాటలో తేల్చలేను. ఆ డబ్బుతో తమ్ముడిని పాలిటెక్నిక్ చదివించిన పిల్లలూ నాకు తెలుసు.

మొదట చెప్పిన పిల్ల, స్వెట్టరు ఎందుకని అడిగిన పిల్ల, అదే బస్సెక్కింది. కిందటి పొంగలుకు ఊరికి వచ్చి నన్ను చూడటానికి వచ్చింది. నేను అరుగు మీద కూర్చుని నూలు జంపరు అల్లుతున్నాను. "ఏం పని చేస్తున్నావు తల్లీ?" అని అడిగాను. "ఓవర్‌లాక్, టీచరమ్మా. చేయి అతకడం. కుడి చేయి ఒకరు, ఎడమ చేయి ఒకరు. నాది ఎడమ చేయి" అంది. రోజుకు కొన్ని వందల ఎడమ చేతులు.

తరవాత నా చేతిలో ఉన్నదాన్ని తీసుకుని తిరగేసి చూసింది. "కుట్టు ఎక్కడుంది?" అంది. లేదన్నాను. గుండ్రని సూది మీద కింది నుంచి చంకల దాకా గొట్టంగా అల్లడం, తరవాత ముందూ వెనకా విడదీసి, మెడ దగ్గర ఉచ్చులు తగ్గించుకుంటూ పోవడం. భుజాలు కూడా ఉచ్చుకు ఉచ్చు కలిపి మూయవచ్చు. కత్తెర పడదు. ముక్క వృథా కాదు. నచ్చకపోతే కొస లాగితే మళ్ళీ మొదటి దారం ఉండగా చేతికి వస్తుంది.

మీలో అల్లిక తెలిసిన అక్కచెల్లెళ్ళకు నాలుగు మాటలు. నూలు ఉన్నిలాంటిది కాదు. ఉన్నికి వంకరలున్నాయి కాబట్టి సాగి తిరిగి వస్తుంది, నూలు సాగితే సాగిందే. అందుకని దారం సన్నది తీసుకోండి, బరువు తగ్గుతుంది. నాలుగంగుళాల చదరపు ముక్క ముందుగా అల్లి, ఉతికి, ఆరాక కొలవండి. ఉతక్కముందు కొలత నమ్మవద్దు. నేను నమ్మి ఒకసారి మోకాళ్ళదాకా వేలాడే జంపరు చేశాను, మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. పొడుగు ఒకటి రెండు అంగుళాలు తక్కువే పెట్టుకోండి, తొడుక్కుంటే దిగుతుంది. కింది పట్టీ రెండు ప్లెయిన్, రెండు పర్ల్, సన్న సూది మీద బిగువుగా. ఒంటికి మాత్రం దారం ముందుకు వేసి రెండు కుట్లు కలిపే వరస మధ్య మధ్య వేస్తే చిన్న చిన్న కన్నాలు పడి గాలి ఆడుతుంది. ఉతికాక తీగ మీద వేలాడదీయకండి, చాప మీద పరిచి నీడన ఆరబెట్టండి. అల్లిక సూదులు లేకపోతే మా బడి పిల్లలు సైకిలు చువ్వల కొసలు అరగదీసి వాడుకుంటారు.

ఆ పిల్ల నా పక్కన కూర్చుని రెండు వరసలు అల్లింది. చేయి మరచిపోలేదు, కాని మరీ వేగంగా లాగుతోంది. ఉచ్చులు బిగిసిపోతున్నాయి. "మెల్లగా" అన్నాను. "అక్కడ మెల్లగా అంటే సూపర్‌వైజరు ఊరుకోడు టీచరమ్మా" అని నవ్వింది. మూడో వరస నెమ్మదించింది. మెడ తగ్గింపు ఎలాగో చూపించమంది, చూపించాను. చీకటి పడుతుండగా లేచింది. కంపెనీలో మిగిలిన నూలు కోన్లు చవకగా అమ్ముతారట, ఈసారి వచ్చేటప్పుడు తెల్లది ఒకటి, నీలం ఒకటి నాకు తెస్తానంది. పోతూ పోతూ గూట్లో ఉన్న సైకిలు చువ్వల జత అడిగి తీసుకుపోయింది.